అక్క తరఫున సంతకం

మన ఇళ్ళలో తమ్ముడి బాధ్యతలు ఏమిటో ఎవరూ పుస్తకం తెరిచి చెప్పనక్కర్లేదు. అక్క అత్తారింటికి సారె తీసుకెళ్ళాలి. పండక్కి పిలుచుకురావాలి. మేనల్లుడికి చెవులు కుట్టించే రోజున వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. వీటిలో ఎక్కడా అక్క మీద పెత్తనం లేదు. చెప్పేది ఆవిడ, వినేది వీడు. అక్క అంటే సగం అమ్మ అని ఊరికే అనలేదు.

అలాంటి అక్క తరఫున తమ్ముడు సంతకం పెట్టాల్సి వస్తే? అదీ ఆవిడ వద్దంటున్నప్పుడు?

మా అక్కకి స్కిజోఫ్రీనియా అని తేలి ఇరవయ్యేళ్ళు దాటింది. బాగున్నప్పుడు మా ఇంట్లో అందరికంటే తెలివిగా మాట్లాడుతుంది. బాగోలేనప్పుడు తనకి జబ్బే లేదంటుంది. ఇది మొండితనం కాదని, తన జబ్బు తనకి కనపడకపోవడం ఈ జబ్బులో చాలామందికి ఒక లక్షణమేనని డాక్టర్లు చెబుతారు. కాలు విరిగినవాడికి కాలు విరిగిందని తెలుస్తుంది. ఇక్కడ తెలుసుకోవలసిన మనసే దెబ్బతిన్నది. అప్పుడు "నాకు మందులొద్దు" అన్న ఆమె మాట వినడం గౌరవించడమా, గాలికి వదిలేయడమా? నన్ను వదలని ప్రశ్న ఇదే.

మన చట్టం ఈ ప్రశ్నకి సమాధానం మార్చుకుంటూ వచ్చింది. 1912 నాటి చట్టం పేరులోనే 'లూనసీ' ఉంది. దాని స్థానంలో 1987లో ఒకటి, 2017లో మరొకటి వచ్చాయి. మధ్యలో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక షెడ్డు తగలబడింది. గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది పోయారు. గొలుసులు వేసింది ఎవరైనా, వాళ్ళలో చాలామందిని అక్కడ దిగబెట్టి వచ్చింది సొంత కుటుంబాలే. 'ఇంట్లోవాళ్ళు మంచే కోరతారు కదా' అనే మాట విన్నప్పుడల్లా నాకు ఏర్వాడి గుర్తొస్తుంది.

అందుకే 2017 చట్టం రోగి మాటకి విలువిచ్చింది. గొలుసులు నిషేధించింది. మత్తు ఇవ్వకుండా కరెంటు షాకు పెట్టకూడదంది. జబ్బు ముదిరినప్పుడు తనకి ఏ వైద్యం కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకోవచ్చంది. ఒప్పుకోని మనిషిని చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, మొదటి విడతలో 30 రోజులు దాటకూడదు అంది. ఇందులో నేను కాదనేది ఏదీ లేదు.

చిక్కు చట్టం పుస్తకంలో లేదు, కౌంటరు దగ్గరుంది. తనకి తాను హాని తలపెట్టడం, ఎదుటివాళ్ళ మీదికి వెళ్ళడం – ఈ రెండింటితోపాటు, తన ఆలనాపాలనా తాను చూసుకోలేక ప్రమాదంలో పడటాన్ని కూడా చట్టం కారణంగా ఒప్పుకుంటుంది. కానీ అక్క తిండి మానేసి, రాత్రుళ్ళు నిద్ర లేకుండా గోడకి చెవి ఆనించి నిలబడిన రోజుల్లో నేను తిరిగిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న అడిగారు: "ఎవరినైనా కొట్టిందా?" లేదండి. "అయితే ఇంటికి తీసుకెళ్ళి నచ్చచెప్పండి." అంటే సాయం అందాలంటే ముందు ఎవరికో దెబ్బ తగలాలి! శాంతంగా చితికిపోయేవాళ్ళకి ఈ వ్యవస్థలో వరస రాదు. 2016 చట్టం ప్రకారం మానసిక వ్యాధి కూడా వైకల్యమే, సర్టిఫికెట్ ఇస్తారు. అయితే దానికోసం ఆవిడ వచ్చి పరీక్షకి కూర్చోవాలి. జబ్బే లేదనుకునే మనిషి, జబ్బుందని రాయించుకోడానికి ఎందుకొస్తుంది?

ఇలా తలుపులన్నీ మూసుకున్నాక వంటింటి తలుపు ఒకటి మిగులుతుంది. "పప్పులో కలిపెయ్యండి, తెలీదు." ఈ సలహా ఇవ్వనివాళ్ళు లేరు. చుట్టాలు చెప్పారు, మందుల షాపతను చెప్పాడు, తెల్లకోటు వేసుకున్నవాళ్ళూ గొంతు తగ్గించి చెప్పారు. మన దేశంలో ఎన్ని ఇళ్ళలో మజ్జిగ గ్లాసులో మాత్ర కరిగిపోతోందో లెక్కే లేదు.

దీన్ని సమర్థించే వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. ఆ మాత్రతో రెండు వారాల్లో మనిషి కోలుకుంటే, అబద్ధం చిన్నది, బతుకు పెద్దది. అమ్మ ఇదే అంది: "చిన్నప్పుడు ఆముదం బెల్లంలో పెట్టి మింగించలేదూ?" కానీ అక్క చిన్నపిల్ల కాదు. పైగా అన్నంలో ఏదో కలుపుతున్నారనేదే ఆమె భయం. నిజంగా కలిపితే, ఆమె పిచ్చి అనుమానాన్ని మన చేతుల్తో నిజం చేసినట్టే. ఎప్పుడో ఒకరోజు తెలుస్తుంది. ఆ తర్వాత ఆమెకి లోకంలో నమ్మి తినగలిగిన కంచం ఒక్కటీ ఉండదు. నేను వద్దన్నాను. అయితే కలిపే తల్లుల మీద రాయి వేయడం నా ఉద్దేశం కాదు. రాత్రంతా మేలుకునేది వాళ్ళు. ఇంటికొచ్చి మాట్లాడే నర్సు, పిలిస్తే వచ్చే డాక్టరు ఉంటే ఏ తల్లీ పప్పుగిన్నె ముందు దొంగలా నిలబడదు.

మరి ఎవరి మాట వినాలి? బాగున్న అక్కదా, బాగోలేని అక్కదా? బాగున్న అక్కే అసలు అక్క అనేయడం సుఖంగా ఉంటుంది, ఎందుకంటే ఆవిడ మన మాటతో ఏకీభవిస్తుంది. అది అంత నమ్మదగ్గ కొలత కాదు. మందులు వేసుకుంటే చేతులు వణుకుతాయి, ఒళ్ళొస్తుంది, మధ్యాహ్నం దాకా నిద్రమత్తు వదలదు. "ఆ గొంతులు పోయాయిరా, కానీ పుస్తకంలో రెండు పేజీలు కూడా ముందుకి సాగట్లేదు" అని అక్క బాగున్న రోజునే అంది. అది జబ్బు మాట్లాడిన మాట కాదు. రోగి 'వద్దు' అన్నప్పుడల్లా అదీ జబ్బు లక్షణమే అని రాసేసుకుంటే, ఇక ఆ మనిషి ఏ మాటకీ అర్థం ఉండదు. మందు మార్చమని, మోతాదు తగ్గించమని అడిగే హక్కు బీపీ మాత్ర వేసుకునేవాడికి ఉన్నట్టే ఆవిడకీ ఉంది.

కాబట్టి నాకు తోచిన దారి ఇది. బాగున్న రోజుల్లో అడగాలి, రాసుకోవాలి. ఏ గుర్తులు కనిపిస్తే ఆసుపత్రికి వెళ్దాం? ఎవరు తీసుకెళ్తే ఫర్వాలేదు? ఏ మందు వద్దు? అప్పుడు, ఆ పాడు రోజున నేను పెట్టే సంతకం ఆమె మాట మీద పెత్తనం చేయదు, ఆమె మాటనే మోసుకెళ్తుంది. ఆరోజు ఆమె నన్ను తిట్టొచ్చు. తిట్టించుకోవడం కూడా తమ్ముడి పనే. కానీ ఏం చేసినా ఆమెకి తెలిసేలా, ఆమె ఎదురుగానే చేయాలి. బలవంతం ఒక్కోసారి తప్పకపోవచ్చు, మోసం మాత్రం ఎప్పుడూ తప్పించుకోగలిగిందే అని నేననుకుంటాను.

చివరిగా ఒక మాట. మనుషులు ఆసుపత్రి గోడల మధ్య కాకుండా సమాజంలో బతకాలని చట్టం అంటుంది. చాలా మంచి మాట. అయితే ఆచరణలో 'సమాజం' అంటే మా అమ్మ. అమ్మ తర్వాత నేను, నా భార్య. నాకూ ఉద్యోగం ఉంది, పిల్లలున్నారు, రాత్రి నిద్ర కావాలి. తోబుట్టువు తోడు ఉండగలడు, ఆసుపత్రి కాలేడు. ఆ తేడా చెప్పుకోవడం ప్రేమ తక్కువై కాదు.

"నీలాంటి తమ్ముడుండటం మీ అక్క అదృష్టం" అంటారు నన్ను చూసినవాళ్ళు. మంచి మనసుతోనే అంటారు. నాకది పొగడ్తగా వినపడదు. వైద్యం అదృష్టం మీద ఆధారపడిందంటే, తమ్ముడు లేని అక్కలు ఏమైపోతున్నట్టు?