కృతజ్ఞతయు హింసయు

జపానుదేశమున ఏ పేటలోనైనను, వాకిట వ్రేలాడు నోరెన్ అను గుడ్డతెరను తొలగించుకొని చిన్న భోజనశాలలో ప్రవేశించినవానికి, అన్నము, మిసో చారు, ఊరగాయ, కాల్చిన చేపముక్కయు గల పళ్లెము ముందు, ప్రక్కబల్లవాడు చేతులు జోడించి తల వంచిన పిదపగాని భోజనమునకు ఉపక్రమింపకుండుట కానవచ్చును. ఆ నమస్కారము వండినవానికా, పండించినవానికా, ప్రాణము గోల్పోయిన మత్స్యమునకా? అందఱికిననియే వారందురు. అయినను చంపినదానికే మ్రొక్కుటచే హింసాదోషము తొలగునా?

బౌద్ధము అచట ఈ ప్రశ్నను సగమే తీర్చినది. క్రీ.శ. 675లో తెమ్ము చక్రవర్తి ఆవు, గుఱ్ఱము, కుక్క, కోతి, కోడి మాంసములను నిషేధించెనుగాని చేపలను తినుటను నిషేధింపలేదు. 1872లో మెయిజీ చక్రవర్తి తానే గోమాంసము భుజించెను. చేపయో నేటికిని చారులోనే దాగియుండును: పేటహోటలు చారునకు మూలమైన రసము, కొంబు అను సముద్రపు నాచును, పొగబెట్టి ఎండించిన కత్సువో చేపను చిత్రికపట్టినట్లు చెక్కిన పొరలను వేడినీట నుంచి వడకట్టినది. కంటికి తేటగా నుండుటచే, శాకమే తింటినని తలంచువాడును చేపసారమును త్రాగును. మఠములందైనచో కొంబుతో ఎండు పుట్టగొడుగులే చాలును.

1237లో దోగెన్ అను బౌద్ధాచార్యుడు మఠపు వంటవానికై రచించిన గ్రంథమున, ఒక్క బియ్యపుగింజయు వృథా కారాదనియు, సామాన్యపు కూరాకును చిన్నచూపు చూడరాదనియు విధించెను. కృతజ్ఞత హింసను కడుగదు, దానికి హద్దు గీయునని నా దృఢవిశ్వాసము: మ్రొక్కినవాడు అవసరమునకు మించి కోరరాదు, మిగిల్చి పాఱవేయరాదు. ఆ హద్దువలన చచ్చిన చేపకేమి లాభమని యడుగువారికి నాయొద్ద ఉత్తరము లేదు.