జాగ్రత్తల మూట

సైకిలు మీద నాలుగు పల్లెలు చూసి రావాలంటే ఏం సిద్ధం చేసుకోవాలి? ఈ ప్రశ్నకి మన ఇళ్ళల్లో రెండు రకాల జవాబులుంటాయి. అబ్బాయి అడిగితే, "గాలి చూసుకున్నావురా? మంచినీళ్ళు పెట్టుకో, ఎండ ముదరకముందే వచ్చెయ్" అంటాం. అమ్మాయి అడిగితే, "ఇప్పుడెందుకే ఆ ఎండలో?" అంటాం. చూశారా, వాడికి జాగ్రత్త అంటే వెళ్ళటానికి కావలసిన సామాను. అమ్మాయికి జాగ్రత్త అంటే వెళ్ళకుండా ఉండటానికో కారణం.

మరి జాగ్రత్తలు చెప్పటం ప్రేమా, పెత్తనమా?

చిన్న ప్రశ్నే గానీ, తల్లులమైన మనం రోజుకి పదిసార్లు తేల్చుకోవలసిన ప్రశ్న. నన్నడిగితే దీనికో గీటురాయి ఉంది. మనం చెప్పే మాట పిల్ల చేతికి పనిముట్టయితే అది ప్రేమ. కాలికి కట్టయితే మాత్రం, అది మన భయమే. ప్రేమ చీర కట్టుకుని వచ్చిందంతే!

సైకిలు టైరు కథ చూడండి. 1887లో బెల్ఫాస్టులో జాన్ బాయిడ్ డన్లప్ అనే పశువుల డాక్టరు, తన కొడుకు మూడు చక్రాల బండి గతుకుల్లో ఎగిరెగిరి పడటం చూశాడు. రబ్బరు గొట్టంలో గాలి నింపి ఆ చక్రాలకి చుట్టాడు. మరుసటి ఏడు పేటెంటు కూడా తీసుకున్నాడు. ఒళ్ళు హూనమవుతుందని పిల్లవాడి బండి అటకెక్కించలేదు ఆ తండ్రి. దారిని మెత్తబరచటం తన వల్ల కాదు గనక, చక్రాన్ని మెత్తబరిచాడు.

మనవైపు దారే తీసుకుందాం. గుంటూరు నుంచి లాం, తాడికొండ మీదుగా అమరావతికి 30 కిలోమీటర్ల పైచిలుకు. రానూపోనూ అరవై దాటుతుంది. మొదటిరోజే అంత పంతం అక్కర్లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ముందు ఊళ్ళోనే రోజూ కాస్త కాస్త దూరం పెంచుకోవాలి. వెళ్ళటానికి కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. పత్తి తీతలు అప్పుడే, మిరపకోతలూ అప్పుడే మొదలు. వానాకాలంలో మాత్రం ఆ పొలాల బాటల జోలికి పోవద్దు. నల్లరేగడి బురద చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ముద్దలా పట్టుకుందంటే, సైకిలు మనల్ని మొయ్యదు, మనమే దాన్ని మొయ్యాలి.

గట్ల మీద పల్లేరుకాయలూ, తుమ్మముళ్ళూ కాచుక్కూచుంటాయి. ఒక అదనపు ట్యూబూ, ప్యాచీలూ, సొల్యూషనూ, చిన్న గాలిపంపూ సంచీలో పడేసుకోవాలి. రెండు బ్రేకులూ, బెల్లూ సరిచూసుకోవాలి. తలకి హెల్మెట్టు, తెల్లవారుజాము మంచులో వెనక ఎర్రదీపం తప్పనిసరి. పత్తి బోరేలు పక్కలకి పొంగిపోయే ట్రాక్టరు డ్రైవరుకి వెనక వచ్చేవాళ్ళు కనబడరు, దాని పక్కన సందు దొరికింది కదా అని దూరకూడదు. కాలవ నీళ్ళు తాగకూడదు. ఇవి పురుగుమందులు కొట్టే పైర్లు. ఎక్కడైనా మందు కొడుతుంటే గాలివాలు చూసుకుని, దూరంగా ఆగాలి. ఏ దారిన వెళ్ళేదీ, ఏ వేళకి వచ్చేదీ ఇంట్లో చెప్పి వెళ్ళాలి.

చూడండి, ఇందులో ఒక్కటైనా "వెళ్ళకు" అంటుందా?

"అవన్నీ సరేనండీ, మనుషుల భయం మాటేమిటి?" అంటారు మీరు. నిజమే. పల్లేరుకాయ గుచ్చుకుంటే ప్యాచీ వెయ్యొచ్చు, వెకిలిమాట గుచ్చుకుంటే వెయ్యలేం. ఆ భయం ఉత్తిదని నేననను. నలుగురూ కలిసి వెళ్ళమంటాను, చీకటి పడకముందే ఇల్లు చేరమంటాను. కానీ ఆడపిల్లలు తగ్గేకొద్దీ ఆ రోడ్డు మరింత భయపెడుతుంది గానీ మంచిదవదు. తమిళనాట పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది పల్లెటూరి స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. మొదట్లో ఎగతాళి మాటలు పడ్డారు. పడుతూనే తొక్కారు. పోనుపోను ఆడది సైకిలెక్కటం అక్కడ వింత కాకుండా పోయింది.

ఇంకో సంగతుంది. "ఆ ఎండలో ఎందుకే" అని మనం అమ్మాయిని గదమాయిస్తున్న వేళకే, పల్నాటి నుంచి ప్రకాశం దాకా ఆడవాళ్ళు అదే ఎండలో వంగి మిరపకాయలు కోస్తుంటారు. వాళ్ళని ఎండకి వెళ్ళొద్దని ఎవరూ అనరు. కిక్కిరిసిన ఆటోలో వేళ్ళాడుతూ వచ్చినా అడ్డుకోరు. అంటే మన అభ్యంతరం ఎండ మీద కాదన్నమాట! పనీపాటా లేకుండా, ఉత్త సంతోషం కోసం ఆడది గడప దాటటం మీద. ఈ మాట ఒప్పుకోవటానికి కాస్త కష్టంగానే ఉంటుంది.

అందుకని, సరదాకి వెళ్ళే మన పిల్లలు మూటలో ఇంకొకటి కూడా పెట్టుకోవాలి. ఆ చేను వాళ్ళకి సినిమా తెర కాదు, ఒకరి బతుకుతెరువు. రోడ్డు పక్కన ఆరబోసిన మిరపకాయల మీంచి చక్రం పోనివ్వకూడదు. వంగి పనిచేస్తున్న మనిషిని అడక్కుండా ఫొటో తియ్యకూడదు. ఒక పత్తికాయ అయినా తుంచకూడదు. మన ఒంటికి దెబ్బ తగలకుండా చూసుకోవటం సగం జాగ్రత్తే. మన వల్ల ఎదుటివాళ్ళకి తగలకుండా చూసుకోవటం మిగతా సగం.

జాగ్రత్త అనే మాటకి సంస్కృతంలో మూలం "జాగ్రత్", అంటే మెలకువగా ఉండటం. మరి మెలకువతో పనిపడేది దారి మీదే కదా! తలుపు గడియపెట్టుకుని పడుకునేవాళ్ళకి దాంతో పనేముంది?

ఏమంటారు? వచ్చే ఆదివారం మీ అమ్మాయి సైకిలు దించమంటే, "ఎందుకే" అనబోయే ముందు గాలిపంపు ఎక్కడుందో వెతికి చేతికివ్వండి. వీలైతే పక్కింటి వాళ్ళ సైకిలు మీకోసం అడిగి పెట్టుకోండి.