హ్యారియెట్ ఎందుకు ఒప్పుకోలేదు?

ఒకే డిటెక్టివ్‌తో ఏళ్ల తరబడి నవలలు రాసేవాళ్లకు ఒక చిక్కు ఉంటుంది. హతులు మారతారు, హంతకులు మారతారు, డిటెక్టివ్ మాత్రం అలాగే ఉండిపోతాడు. అందుకని కొందరు అతనికి కొత్త ఊరో, కొత్త ప్రేమో, కొత్త జబ్బో తగిలిస్తారు. కానీ వెనకటి నవలలో జరిగిందేదీ అతనికి బరువుగా మిగలదు.

డొరతీ సేయర్స్ 1923లో పాఠకుల ముందుకు తెచ్చిన లార్డ్ పీటర్ విమ్జీకి డబ్బు, వంశం, తెలివి అన్నీ ఉన్నాయి. అతనికి పెళ్లి చేసి వదిలించుకుందామనే ఆమె 1930లో వచ్చిన 'స్ట్రాంగ్ పాయిజన్' మొదలుపెట్టింది. అందులో హ్యారియెట్ వేన్ డిటెక్టివ్ నవలలు రాసుకుని బతికే స్త్రీ. తను సహజీవనం చేసిన మనిషికి విషం పెట్టిందన్న నేరం మీద ఉరిశిక్ష అంచున ఉంటుంది. పీటర్ జైల్లోనే పెళ్లి మాట ఎత్తుతాడు. ఆమె నిర్దోషి అని రుజువు చేస్తాడు. ఇక పెళ్లే తరువాయి.

సేయర్స్ ఆ పెళ్లి చేయలేకపోయింది. ప్రాణం నిలబెట్టినవాడికి తనని తాను బాకీ కింద జమకట్టుకున్న స్త్రీకి ఆత్మగౌరవం ఎక్కడ మిగులుతుంది? 'నిన్ను చదివించాం కదా' అన్న ఒక్క మాటకి మేనరికానికి తలవంచిన ఆడపిల్లల్ని చూసిన మనకు హ్యారియెట్ తిరస్కారం పొగరుగా అనిపించదు. మేలు చేసినవాడు దుర్మార్గుడైతే కాదనడం తేలిక. మంచివాడైతేనే కష్టం.

ఆమె మారదు కాబట్టి అతను మారాల్సి వచ్చింది. 1935లో వచ్చిన 'గాడీ నైట్' నాటికి పీటర్ భయాలు, బలహీనతలు ఉన్న మనిషి. ఆ కథ ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక మహిళా కళాశాలలో జరుగుతుంది. ఆ విశ్వవిద్యాలయం 1920లో స్త్రీలకు డిగ్రీలివ్వడం మొదలుపెట్టినప్పుడు అందుకున్న తొలి స్త్రీలలో సేయర్స్ ఒకరు. అక్కడ ప్రమాదం ఉందని తెలిసీ పీటర్ హ్యారియెట్‌ని వెళ్లిపొమ్మనడు. ఆమె రాస్తున్న నవలలో పాత్రకి ప్రాణం లేదని మాత్రం మొహమాటం లేకుండా చెబుతాడు. నిజంగా రాస్తే తనకే బాధ కలుగుతుందంటుంది ఆమె. పుస్తకం బాగుంటే చాలదా అంటాడు అతను. కాపాడినవాడు సాటి మనిషిగా మాట్లాడింది అక్కడ. ఆమె ఒప్పుకోవడం ఆ తర్వాతే.

1937లో వాళ్ల పెళ్లి నవల వచ్చింది. ఆ తర్వాత సేయర్స్ విమ్జీ నవల మరొకటి పూర్తి చేయలేదు. కారణాలు ఏవైనా, పాఠకురాలిగా నాకది లోటనిపించదు. ఆ ఇద్దరి మధ్య తేలాల్సిన బాకీ తేలిపోయింది. తేలని బాకీలతో బతుకుతున్న స్త్రీల సంగతేమిటన్న ప్రశ్న మాత్రం రాసే మనకి మిగిలే ఉంది.