మరిచిపొమ్మనకండి

తాళంచెవుల గుత్తి పోతే "బాగా గుర్తు తెచ్చుకో" అంటాం. మనిషి పోతే "మరిచిపో" అంటాం. ఈ రెండో సలహాకి పైసా ఖర్చు లేదు. అంచేత మా పిన్నికి నేను ధారాళంగా ఇస్తూ వచ్చాను.

పిన్ని పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో తన చేతిలోంచి చెల్లెలి చెయ్యి జారిపోయింది. అప్పటికి పిన్నికి పన్నెండేళ్లు. ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే చాలు, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టదు. కిటికీలన్నీ బిగించి, గుమ్మం పట్టుకుని నిలబడిపోతుంది. "ఎప్పటి మాటో! ఇంకా ఏవిటి పిన్నీ, మరిచిపోరాదూ" అనేదాన్ని.

ధ్యానం మంచిదని ఎవరో చెబితే కళ్లు మూసుకుని శ్వాస గమనించబోయింది. రెండో నిమిషంలో ఊపిరాడక లేచిపోయింది. నీళ్లు మింగి బతికిన మనిషికి ఊపిరే భయం కదా!

చివరికి ఒక మానసిక నిపుణురాలి దగ్గరికి తీసుకెళ్లాను. "కళ్లు మూసుకోనక్కర్లేదు. పాదాలు నేలకి ఆనించండి. గచ్చు చల్లగా తెలుస్తోందా? గదిలో ఏమేం కనిపిస్తున్నాయో చెప్పండి. కష్టమనిపిస్తే ఆపేద్దాం" అందావిడ. గోడ గడియారం, కుర్చీ, నా చేతిసంచీ... పిన్ని ఒక్కొక్కటే చెప్పింది. కొన్ని వారాలు ఇలా కాలు నిలదొక్కుకున్నాకే ఆవిడ ఉప్పెన మాట ఎత్తింది.

దీన్ని మైండ్‌ఫుల్‌నెస్ అంటారట. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన, ఏళ్ల తరబడి నొప్పులతో బాధపడే రోగులకి నేర్పడం మొదలెట్టాడు. మూలం మాత్రం బౌద్ధుల 'సతి'. సంస్కృతంలో 'స్మృతి'. అంటే జ్ఞాపకం! నేనేమో ఇన్నాళ్లూ మరుపే మందనుకున్నాను. ఇప్పుడు ఇక్కడ, గట్టి నేల మీద ఉన్నానన్న సంగతి గుర్తుంచుకోవడమే ఆ మందు. భయపడ్డ మనసు ముందుగా మరిచిపోయేది అదే కాబోలు.

అయితే భయం మంత్రం వేసినట్టు పోలేదు. మొన్న గాలివానకి పిన్ని మళ్లీ గుమ్మం పట్టుకుంది. చెయ్యి వణికింది. పాదాలు నేలకి అదిమి, "ఇది ఈయేటి గాలి" అంది మెల్లిగా. కాసేపాగి చెల్లెలి పేరు చెప్పింది. ఇన్నేళ్లలో నేనెన్నడూ అడగని పేరు.

నేను "మరిచిపో" అన్నదంతా, వినే బాధ తప్పించుకోవడానికేనని అప్పుడు తెలిసి సిగ్గేసింది. "ఎలా ఉండేది పిన్నీ?" అని పక్కన కూర్చున్నాను.

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఈసారి నాకూ పట్టలేదు.