కూరపాదులో భూతయజ్ఞం

శ్రీ గురుభ్యో నమః.

మొన్న ఒక అమ్మ నన్ను అడిగారు: "గురువుగారూ, పెరట్లో బీరపాదుకి కట్టిన నైలాన్ వలలో పిట్ట చిక్కుకుని చచ్చిపోయింది. ఆ పాదు కాయలే స్వామికి నైవేద్యం వండుతున్నాను. ఇక పెట్టచ్చా?"

ఆ తల్లి బాధ చిన్నది కాదు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళబిందె — ఈ ఐదింటి దగ్గరా గృహస్థు చేతుల్లో తెలియకుండానే ప్రాణులు పోతాయని మనుస్మృతి చెప్పింది. వీటినే పంచసూనలు అంటారు. ఆ దోషం పోవడానికే పంచమహాయజ్ఞాలు విధించారు. అందులో ఒకటి భూతయజ్ఞం. అంటే మనం తినేముందు పక్షికీ, పురుగుకీ, చీమకీ వాటి భాగం పెట్టడం.

ఇక్కడ ఒక్క మాట గమనించండి. పొయ్యి దగ్గర జరిగేది తెలియక జరిగేది. ఒకసారి పిట్ట చచ్చిందని తెలిశాక కూడా వల అలాగే ఉంచితే, అది తెలిసి చేసినట్టే. ఒక చేత్తో కాకికి ముద్ద పెట్టి, రెండో చేత్తో ఉచ్చు పన్నితే అది యజ్ఞం ఎలా అవుతుంది? అందుకే అమ్మా, నైవేద్యం మానకండి. వల తీసెయ్యండి. అదే ప్రాయశ్చిత్తం.

"మరి పంట దక్కేదెలా?" అంటారు. వల బదులు కాయలకి గుడ్డసంచులు తొడగండి. ఎలకలకి విషం పెట్టకండి. ఆ ఎలకని తిన్న గుడ్లగూబ కూడా చస్తుంది. లక్ష్మీదేవి వాహనమని దణ్ణం పెట్టుకునేది దానికే కదా! జెర్రిపోతుకి విషం లేదు, పైగా ఎలకల్ని పట్టేది అదే. కనిపిస్తే కర్ర తియ్యకండి, దారి ఇవ్వండి. పేనుబంక పట్టిందా? నాలుగు రోజులు ఆగండి, అక్షింతల పురుగులు వచ్చి తింటాయి. మరీ ముదిరితే లీటరు నీళ్ళకి 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి, వడగట్టి చల్లండి. తేనెటీగలు తిరిగే వేళ వద్దు, పూల మీద అసలే వద్దు. కరివేపాకు తినే పచ్చపురుగు రేపు సీతాకోకచిలుక అవుతుంది. దానికో కొమ్మ వదిలెయ్యండి. ఆ కొమ్మే మీరు వేసే బలి.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకి తన 24 మంది గురువుల గురించి చెప్పాడు. వారిలో తేనెటీగ ఉంది, పావురం ఉంది, సాలెపురుగు ఉంది, పాము కూడా ఉంది. ఇంతమంది గురువులు తిరిగే నేల మన పెరడు. అక్కడ విషం చల్లడానికి చెయ్యెలా వస్తుంది? ఈ ఆదివారం పాదుల దగ్గర ఒక మట్టిమూకుడులో నీళ్ళు పోసి, ఈగలు వాలడానికి నాలుగు గులకరాళ్ళు వేసి పెట్టండి. అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

స్వస్తి.