“ఇంట్లో చెప్పొద్దు మేడం”

రాత్రి పదకొండు దాటాక ఇద్దరు పిల్లలు మూడో పిల్లను చెరో చెయ్యీ పట్టుకుని నా గదికి తీసుకొచ్చారు. మెట్ల మీద కళ్లు తిరిగి పడిందట. పదహారేళ్ల పిల్ల. పదమూడు రోజులుగా బహిష్టు ఆగలేదు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే తల దించుకుంది. కాసేపటికి ఒకే మాట అంది: “ఇంట్లో చెప్పొద్దు మేడం.”

“చెప్పనులే, ముందు పడుకో” అన్నాను. అలవాటుగా, ఆలోచించకుండా అన్నాను. ఆ ఒక్క మాటే చాలా కాలంగా నన్ను వెంటాడుతోంది.

పదో తరగతి కాగానే పిల్లల్ని హాస్టల్లో ఉంచి చదివించే విశ్వవిద్యాలయ కోర్సులు మనకి కొత్త కాదు. వ్యవసాయ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. 2008లో ఏర్పడ్డ రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ఆరేళ్ల ఇంజనీరింగ్ చదువు పెట్టి పల్లెల్లోని ప్రభుత్వ బడుల పిల్లలకి దారి తెరిచింది. నేను పాఠాలు చెబుతూ ఆడపిల్లల హాస్టల్ బాధ్యత చూసింది వీటిల్లో కాదు, ఇలాంటి మరో చోట. దాని పేరుతో మనకి పనిలేదు. ఇంటి గడప దాటడమే గగనమైన ఆడపిల్లలకి ఈ చదువులు ఎంత పెద్ద అవకాశమో మనకి తెలుసు. కానీ ఆ పిల్లలు విశ్వవిద్యాలయానికి విద్యార్థులు, చట్టానికి మైనర్లు. హాజరు తగ్గితే పెద్దవాళ్లకి పెట్టినట్టే ఫైను. ఒంట్లో బాగోకపోతే మాత్రం వాళ్లతో కాదు, వాళ్ల నాన్నతో మాట్లాడతాం.

మర్నాడు డాక్టరు పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.4 గ్రాములు ఉంది. రజస్వల అయిన మొదటి కొన్నేళ్లలో అండం సక్రమంగా విడుదల కాక ఇలా ఎక్కువ రక్తస్రావం కావడం మామూలేననీ, కొందరిలో రక్తం గడ్డకట్టడంలో లోపం ఉండొచ్చు కాబట్టి పరీక్షలూ స్కానింగూ చేయిద్దామనీ ఆవిడ చెప్పింది. ప్రాణాపాయం లేదు. మందులతో తగ్గేదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అంటే పాలిపోయిన ముఖాలతో క్లాసులో నా ఎదురుగా కూర్చున్న వాళ్లలో ఈ పిల్ల ఒకతె, అంతే.

హాస్టల్ రిజిస్టర్లో ఒక గడి ఉంటుంది: ‘తల్లిదండ్రులకు తెలియజేయబడినది.’ ఆ గడి నింపాలి. రిజిస్టర్లో ఉన్నది తండ్రి నంబరు ఒక్కటే. చేశాను. రక్తస్రావం, స్కానింగ్ అన్న మాటలు విన్నాక అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “ఏం చేసింది మేడం మా పిల్ల?”

ఆ పిల్ల దేనికి భయపడిందో నాకు అప్పుడు అర్థమైంది. సాయంత్రానికి ఆయన వచ్చి తీసుకెళ్లిపోయాడు. అయిదు వారాల తర్వాత తిరిగొచ్చింది. పరీక్షలు పోయాయి. నన్ను చూసి తల తిప్పుకుని వెళ్లింది. తర్వాతి మూడు నెలల్లో మా సిక్ రిజిస్టరు దాదాపు ఖాళీగా ఉంది. ఆడపిల్లల హాస్టల్లో ఆరోగ్యం మెరుగైందని మీటింగులో నన్ను మెచ్చుకున్నారు కూడా!

నేను చేసింది తప్పా? సమర్థించుకోడానికి నా దగ్గర కారణాలున్నాయి. ఆమె మైనరు. కన్నవాళ్లకి తెలుసుకునే హక్కుంది. జరగరానిది జరిగితే జవాబుదారీ నేను. ఈ మూడో కారణం దగ్గర నాకు నేనే దొరికిపోయాను. ఫోను చేసినప్పుడు నేను ఆలోచించింది ఆమె క్షేమం గురించా, నా క్షేమం గురించా? బాధ్యత తీసుకోవడం వేరు, బాధ్యత దించుకోవడం వేరు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. మగపిల్లల హాస్టల్లో కామెర్లు వస్తే కూడా ఇంటికి ఫోన్ వెళ్తుంది. కానీ “ఏం చేశాడు మావాడు?” అని ఎవరూ అడగరు. ఒకే నియమం ఇద్దరి మీదా ఒకేలా పడదు.

అలాగని రహస్యం కాపాడటమే పరమధర్మం అనీ అనలేను. చచ్చిపోవాలనిపిస్తోందని ఒక పిల్ల చెబితే, ఎవరికీ చెప్పనని మాటిచ్చి తలుపేసుకుని నిద్రపోగలనా? పద్దెనిమిదేళ్ల లోపు పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే ఫిర్యాదు చేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు విషయంలో, ఆమే సంరక్షకులే కోరితే డాక్టరు ఆ ఫిర్యాదులో పేరు బయటపెట్టనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అంటే రక్షణ కోసం చేసిన నియమమే పిల్లని వైద్యానికి దూరం చేయగలదని న్యాయస్థానమూ గుర్తించింది.

నైతికత అంటే హక్కుల తూకమేనా అని కెరొల్ గిలిగన్ 1982లోనే ప్రశ్నించింది. సంబంధాల్లో ఎవరికి ఏం దెబ్బ తగులుతుంది, ఎవరి పట్ల ఎవరికి బాధ్యత ఉంది అని ఆలోచించడం తక్కువ రకం ఆలోచనేం కాదంది. నేను ఆ పుస్తకం క్లాసులో చెప్పినదాన్నే! కానీ రిజిస్టరు ముందు కూర్చున్నప్పుడు నాకు తోచింది ఒకే ప్రశ్న: చెప్పాలా, వద్దా?

ఆ ప్రశ్నే తప్పు అని తెలియడానికి ఏడాది పట్టింది. ఆ పిల్లే ఒకరోజు లైబ్రరీ మెట్ల మీద తనంతట తాను పలకరించింది. మాటల్లో అంది: “మా పెద్దమ్మకి చెప్పుంటే సరిపోయేది మేడం. ఆమె అంగన్‌వాడీలో పనిచేస్తది. నాన్నకి ఎట్లా చెప్పాలో ఆమెకి తెలుసు.” ఎవరికి చెబుదాం, ఏ మాటల్లో చెబుదాం, నువ్వు పక్కనుండగా చెప్పనా అని నేను ఒక్కసారి కూడా ఆమెని అడగలేదు. ఇంట్లో చెప్పొద్దు అన్న మాటలో ‘ఇల్లు’ అంటే ఎవరో నేనే నిర్ణయించేశాను. అంతకుముందే ఇంకో తప్పు చేశాను. నిలబెట్టుకునే అధికారం లేని మాట ఇచ్చాను. దయతో చెప్పిన అబద్ధం అది. ఆమెకి ఎక్కువ గాయం చేసింది ఫోన్‌కాల్ కాదు, అదేననుకుంటాను.

విశాఖపట్నంలో 2023లో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హతగల కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. 2022 నుంచి 14416 నంబరుతో టెలిమానస్ ఉంది. ఇవి రావడం మంచిదే. కానీ కౌన్సెలర్ రాసుకున్న కాగితం ఎవరి టేబుల్ మీదకి వెళ్తుంది? గేటుకి తాళం వేసి, ఔట్‌పాస్ మీద నాన్న సంతకం అడిగే చోట సంరక్షణ ఎక్కడ ఆగి నిఘా ఎక్కడ మొదలవుతుంది? మన స్త్రీల సంఘాలు ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం తెచ్చిన నాటి నుంచీ మన శరీరాల గురించి మనమే తెలుసుకోవాలని చెప్తూ వచ్చాం. పదహారేళ్ల పిల్లకి ఆ హక్కు ఉందా, లేక పద్దెనిమిది నిండేదాకా ఆగాలా అన్నది మాత్రం మనం కూడా తేల్చుకోలేదు.

ఇప్పుడు కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి రోజే పిల్లలకి చెబుతున్నాను, ఏ విషయాలు నేను దాచలేనో, ఏవి దాచగలనో. అప్లికేషన్లో రెండో నంబరుకి చోటు పెట్టించాను. అది ఎవరిదో పిల్లే రాయాలి. అమ్మమ్మల నంబర్లు, అక్కల నంబర్లు, ఒకసారి పాత ఊరి టీచరమ్మ నంబరు వచ్చాయి. తండ్రుల నంబర్లూ వచ్చాయి. వాటిని చూసినప్పుడు నాకు సంతోషం వేసింది. కొన్ని మాత్రం ఖాళీగానే వస్తాయి. ఆ పిల్లలకి ఎవరున్నారు? ఆ గడిలో నా నంబరు రాసుకునే ధైర్యం నాకుందా? ఇంకా జవాబు చెప్పుకోలేదు.

సిక్ రిజిస్టరు మళ్లీ నిండుతోంది. ఈసారి మీటింగులో నన్నెవరూ మెచ్చుకోలేదు.