లక్కపిడత వెల

శౌచములన్నింటిలో ధనశౌచమే శ్రేష్ఠమని మనుస్మృతి చెప్పుచున్నది. మట్టితోను నీటితోను దేహమును ఎంత శుభ్రపరచుకొన్నను, ధనవిషయమున శుచి కానివాడు శుచి కాడని దాని తాత్పర్యము. ఈ నియమము ధనమును సంపాదించువానికే గాని వెచ్చించువానికి వర్తింపదని పలువురు తలంతురు. ఒక చిన్న లక్కపిడతను ముందుంచుకొని విచారించినచో ఇందలి పొరపాటు తేటపడును.

అనకాపల్లి జిల్లాలో వరాహానది యొడ్డున ఏటికొప్పాక గ్రామము కలదు. అచ్చటి శిల్పులు మెత్తని అంకుడు కఱ్ఱను తరిణె పట్టి బొమ్మలు, కుంకుమ భరిణెలు, పిల్లలాడుకొను లక్కపిడతలు చేయుదురు. తిరుగుచున్న కఱ్ఱకు రంగు కలిపిన లక్కను అదిమి పట్టగా, రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱను అంటుకొనును. పిదప మొగలి ఆకుతో మెఱుగు పెట్టుదురు. పసుపు, నీలి, జాఫ్రా గింజలు మొదలగు వానినుండి ఈ లక్కకు రంగులు తీయవచ్చును. కాని నడుమ బజారులో చౌకగా దొరకు రసాయనపు రంగులు వచ్చిచేరినవి. శ్రమ తగ్గినది, తళుకు హెచ్చినది. అయితే పసిబిడ్డ చేతికందిన పిడతను నోట బెట్టుకొనక మానదు గదా! అట్టి రంగులు కొన్నింటిలో సీసము వంటి విషలోహము లుండును.

ఇచ్చట శిల్పిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. ఆకును, వేరును, గింజను సేకరించి, రంగు దీసి, లక్కలో మేళవించుటకు కాలమును ఓర్పును కావలెను. కొనువారు రెండు పిడతలను ప్రక్కప్రక్కన జూచి చౌకయైనదానినే ఎన్నుకొన్నచో, శుద్ధమైనది చేసినవాడు పస్తుండును. అందుచేత ఆ దోషమున కొనువారికిని భాగము కలదు.

అయినను ధర్మమార్గము జీవనమార్గము కూడ కాగలదని ఆ గ్రామమే నిరూపించినది. శ్రీ సి.వి. రాజు శిల్పులతో గూడి ప్రకృతివర్ణములను మరల వాడుకలోనికి దెచ్చిరి. హానిలేని బొమ్మలగుటచేత వానికి విదేశములందును ఆదరణ కలిగినది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2023లో శ్రీ రాజుగారిని పద్మశ్రీ పురస్కారము వరించినది.

ఇక చెట్టు మాట. అంకుడు చెట్టును వేరుతో పెకలింపక కొమ్మలను మాత్రము కొట్టుకొన్నచో అది మరల చిగిర్చును. నరకుటయే గాని నాటుట లేనిచో కఱ్ఱ కఱవగును, కఱ్ఱతోపాటు వృత్తియు నశించును. చెట్టును, శిల్పిని, బిడ్డను – ఈ మువ్వురిలో ఎవ్వరిని పీడించినను ఏ శిల్పమును చిరకాలము నిలువదు.

యాత్రకు వచ్చిన గృహస్థు హుండీలో సంతోషముగా కానుక వేయును. గాలిగోపురము దాటి వచ్చి, బొమ్మలమ్ము ముదుసలితో పది రూపాయలకై గడియసేపు బేరమాడును. ‘అది మితవ్యయము గదా, దోషమెట్లగును?’ అని అడుగవచ్చును. మితవ్యయమనగా అక్కరలేనిది కొనకుండుట. రెండు కొనదలచినచోట ఒకటితో తృప్తిపడుట. కొన్నదానికి శ్రమకు తగిన వెల నీయకుండుట మితవ్యయము కాదు. పరధనము నాశింపవలదని ఈశావాస్యోపనిషత్తు శాసించుచున్నది. చెమటోడ్చినవాని కూలిలో తగ్గించుకొన్న ప్రతి రూపాయియు పరధనమే. హుండీలో వేసిన కానుక ఆ ఋణమును తీర్పజాలదు.

మోసముచేసి అధికముగా గుంజువానితో బేరమాడవలదని దీని భావము కాదు. వస్తువు ఎట్లు తయారైనది, ఎవరి చేతిమీదుగా వచ్చినది అని ఒక్క క్షణము అడిగి తెలిసికొనుట కొనువాని విధి.

తన కర్మచేతనే భగవంతుని అర్చించువాడు సిద్ధి నొందునని గీతాచార్యుని ఉపదేశము. తరిణె ముందు కూర్చున్న శిల్పికి ఆ పనియే అర్చన. సంక్రాంతికి బొమ్మలకొలువు తీర్చు గృహిణి, ఆ పిడతకు తగిన వెల నిచ్చి తెచ్చుకొన్ననాడు, ఆ అర్చనలో ఆమెకును పాలు దక్కును.